సాయం అడిగిన పాపానికి...

లుముంబా అనే పేరు మీలో చాలామంది వినే ఉంటారు. మనిషి పేరుగా కాకపోయినా యూనివర్సిటీ పేరుగా. మా అమ్మ తరంలో కృష్ణా, గుంటూరు జిల్లాల నుంచీ, ఇటు తెలంగాణ నుంచీ కూడా కొందరు పిల్లలు మాస్కోలో లుముంబా యూనివర్సిటీకి వెళ్లి డాక్టరీ, ఇంజనీరింగు చదువుకొచ్చారు. పైసా ఫీజు లేదు, పైగా నెలనెలా చేతిఖర్చుకి డబ్బులు ఇచ్చేవాళ్లు. అలా వెళ్లొచ్చిన అబ్బాయి ఇంట్లో ఒకదానిలో ఒకటి ఇమిడే రష్యన్ చెక్కబొమ్మలూ, గోడ మీద మాస్కో మంచు ఫొటోలూ తప్పనిసరి. ఆ లుముంబా ఎవరో రష్యా పెద్దమనిషి అయ్యుంటాడని అనుకున్నవాళ్లూ లేకపోలేదు.

కాదండీ. ఆయన ఆఫ్రికా వాడు. కాంగో దేశానికి మొట్టమొదటి ప్రధానమంత్రి. పదవిలో ఉన్నది మూడు నెలలు కూడా లేదు. చంపేసేటప్పటికి వయసు ముప్ఫై అయిదేళ్లు. పేద దేశాల పిల్లల కోసం సోవియట్ ప్రభుత్వం 1960లో పెట్టిన ఆ విశ్వవిద్యాలయానికి, ఆయన చావు కబురు బయటికొచ్చాక, 1961 ఫిబ్రవరిలో ఆయన పేరు పెట్టారు. 1992లో తీసేశారు. 2023లో మళ్లీ పెట్టారు. చచ్చిపోయినవాడి పేరు బోర్డు ఎక్కడం, దిగడం కూడా ఎవరి అవసరాన్ని బట్టి వాళ్లు చేస్తారు కాబోలు!

నాకు ఆయన కథ మీద ఆసక్తి కలగడానికి వేరే కారణం ఉంది. మేముండేది సికింద్రాబాద్ కార్ఖానాలో. పక్కనే తిరుమలగిరి, చుట్టూ కంటోన్మెంటు. మిలిటరీలో చేసి రిటైరై ఇక్కడే ఇల్లు కట్టుకున్నవాళ్లు మా చుట్టుపక్కల ఎక్కువ. నేను కాపురానికొచ్చిన కొత్తలో మా వీధి చివరింట్లో ఒక సుబేదారు తాతగారు ఉండేవారు. ఇప్పుడు లేరు. కుర్రతనంలో, 1961లో, సిగ్నల్స్ విభాగంలో జవానుగా కాంగో వెళ్లొచ్చారు. చైనా యుద్ధం గురించీ, పాకిస్తాన్ యుద్ధం గురించీ అడక్కుండానే చెప్పేవారు కానీ కాంగో అనేసరికి తగ్గిపోయేవారు. మనం వెళ్లేసరికే ఆలస్యమైపోయిందమ్మా అన్నట్టుగా ఒక ముక్క అని ఊరుకునేవారు. దేనికి ఆలస్యం? అది తెలుసుకోవడానికే లుముంబా జీవితం చదవడం మొదలుపెట్టాను.

ఆయన పుట్టింది 1925 జులై 2న, కసాయి ప్రాంతంలో ఒనలువా అనే పల్లెలో. తండ్రి రైతు. మిషనరీ బళ్లలో చదువు. అప్పటికి కాంగో బెల్జియం చేతిలో ఉంది. అంతకుముందు, 1885 నుంచి 1908 దాకా, ఆ దేశం మొత్తం బెల్జియం రాజు లియోపోల్డ్ సొంత ఆస్తి! అడవిలో రబ్బరు సరిగ్గా తేలేదని మనుషుల చేతులు నరికించిన కాలం అది. తర్వాత బెల్జియం ప్రభుత్వం తీసుకుని కొంత పద్ధతిగా పాలించింది. రోడ్లు వేసింది, రైళ్లు వేసింది, ఆసుపత్రులు కట్టింది, బళ్లు పెట్టింది. అయితే బడి అంటే చిన్న బడే. చదవడం, రాయడం, లెక్కలు వస్తే చాలు, గుమాస్తా పనికి అంతకన్నా ఎందుకు? ఆడపిల్లలకి కుట్లు, అల్లికలు, వంట, పిల్లల పెంపకం.

అక్కడ ఒక విచిత్రమైన పద్ధతి ఉండేది. నాగరికులయ్యామని నిరూపించుకున్న ఆఫ్రికన్లకి ప్రభుత్వం ఒక కార్డు ఇచ్చేది. దరఖాస్తు పెట్టుకుంటే అధికారులు ఇంటికొచ్చి చూసేవాళ్లు. బల్ల మీద తింటున్నారా, ఫోర్కుతో తింటున్నారా, ఇల్లు ఎలా ఉంది, పెళ్లాం ఎలా ఉంది, పిల్లలు ఎలా ఉన్నారు... మన పెళ్లిచూపులు నయం, ఒక్కపూటతో పోతుంది. లుముంబా ఆ కార్డు కోసం చాలా తాపత్రయపడ్డాడు. 1954లో దొరికింది కూడా. పోస్టాఫీసులో గుమాస్తా, మంచి ఫ్రెంచి, పత్రికల్లో వ్యాసాలు, సంఘాల్లో ఉపన్యాసాలు. ఆయన భార్య పోలీన్ ఒపాంగోకి పెళ్లినాటికి పద్నాలుగేళ్లు. పెళ్లి 1951లో. పెద్దగా చదువుకోలేదు. ఆడవాళ్లు చదువుకోవాలని వ్యాసాలు రాసే భర్తకీ, ఆ చదువు దొరకని భార్యకీ మధ్య ఆ ఇంట్లో ఏం నడిచేదో కథలు రాసే మనిషిని కాబట్టి నాకు ఊహించుకోవాలనిపిస్తుంది. ఆమెకి ముందు ఆయనకి పెళ్లిళ్లు అయ్యాయి, ఆమె ఉండగా వేరే సంబంధాలూ ఉన్నాయి. గొప్పవాళ్ల జీవితాలు రాసేవాళ్లు ఇలాంటివి దాటేస్తుంటారు. మన పేజీలో దాటేయక్కర్లేదు.

1956లో పోస్టాఫీసు డబ్బు వాడుకున్నాడన్న కేసులో జైలుకి వెళ్లాడు. వాడుకున్న మాట నిజమే. నాగరికుడి కార్డైతే ఇచ్చారు కానీ తెల్ల గుమాస్తాకిచ్చే జీతం ఇవ్వలేదు. ఆ కార్డుకి తగ్గట్టు ఇల్లు నడపాలంటే డబ్బు చాలలేదు. డబ్బు తిరిగి కట్టేశారు, ఏడాదికి బయటికొచ్చాడు. రాజధాని లియోపోల్డ్‌విల్‌కి, అంటే ఇప్పటి కిన్షాసాకి చేరి, ఒక బీరు కంపెనీలో అమ్మకాల ఉద్యోగం చూసుకున్నాడు. పేట పేటా తిరిగి, మనుషుల్ని పోగేసి మాట్లాడటమే ఆ ఉద్యోగం. బీరు ఎంత అమ్ముడుపోయిందో కానీ ఊరంతా ఆయన్ని గుర్తుపట్టింది. 1958 అక్టోబరులో కాంగో జాతీయోద్యమం పేరుతో పార్టీ పెట్టాడు. తక్కిన పార్టీలన్నీ ఏదో ఒక తెగవి, ఏదో ఒక ప్రాంతానివి. దేశం మొత్తానిదని చెప్పుకోగలిగింది దాదాపు ఇదొక్కటే. ఆ డిసెంబరులో ఘనా వెళ్లి ఎన్‌క్రుమాని కలిశాడు. తిరిగొచ్చింది వేరే లుముంబా. కార్డు కోసం తాపత్రయపడ్డ మనిషి కాదు.

1959 జనవరిలో రాజధానిలో అల్లర్లు జరిగాయి. బెల్జియం బెంబేలెత్తింది. ముప్ఫై ఏళ్లు పడుతుందనుకున్న స్వాతంత్ర్యం ఒక్కసారిగా ఆర్నెల్లలోకి వచ్చేసింది. 1960 జనవరిలో బ్రస్సెల్స్‌లో చర్చలు మొదలయ్యేసరికి లుముంబా జైల్లో ఉన్నాడు. ఆయన లేకుండా చర్చలేమిటని మిగతావాళ్లు పట్టుబడితే విడిపించి తీసుకెళ్లారు. మే ఎన్నికల్లో 137 స్థానాల్లో 33 గెలిచి ఆయన పార్టీయే పెద్ద పార్టీ అయింది. కాసావుబు అధ్యక్షుడు, లుముంబా ప్రధాని. జూన్ 30న స్వాతంత్ర్యం. ఆ రోజు సభలో బెల్జియం రాజు తన ముత్తాతకి అన్న అయిన ఆ లియోపోల్డ్‌ని పొగుడుతూ మాట్లాడితే, కార్యక్రమంలో పేరు లేని లుముంబా లేచి, ఎనభై ఏళ్లు తాము పడ్డ అవమానాలు ఒక్కొక్కటే రాజు ముఖం మీదే చెప్పాడు. కాంగో జనం చప్పట్లు కొట్టారు. బ్రస్సెల్స్‌లో ఆ చప్పట్లు మర్చిపోలేదు.

ఇప్పుడు అసలు సంగతి చూడండి. బెల్జియం కంటే దాదాపు ఎనభై రెట్లు పెద్ద దేశం. కోటి నలభై లక్షల జనం. స్వాతంత్ర్యం వచ్చిన రోజుకి ఆ దేశంలో పట్టభద్రులైన కాంగో వాళ్లు ఇరవై మంది కూడా లేరు. డాక్టరు ఒక్కరు లేరు. సైన్యంలో ఆఫీసరు ఒక్కరు లేరు. మనకి 1947 నాటికి డాక్టర్లున్నారు, ఇంజనీర్లున్నారు, కలెక్టర్లున్నారు, జనరల్ కరియప్పలాంటి వాళ్లున్నారు. మన హైదరాబాద్‌లోనే ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918 నుంచీ ఉంది. మనం తిట్టుకుంటూనే నడుపుకోగలిగాం. వాళ్లకి ఇల్లు అప్పగించారు, వంటగది తాళం మాత్రం ఇవ్వలేదు. పాత ప్రభుత్వం చేసిన అప్పులు మాత్రం కొత్త ప్రభుత్వం నెత్తినే పడ్డాయి.

అయిదు రోజులు. సరిగ్గా అయిదు రోజులకి సైన్యం తిరగబడింది. స్వాతంత్ర్యం వచ్చినా మీకేమీ మారదని బెల్జియన్ జనరల్ బ్లాక్‌బోర్డు మీద రాసి మరీ చెప్పాడు సిపాయిలకి. వాళ్లు తెల్ల ఆఫీసర్ల మీద, వాళ్ల కుటుంబాల మీద పడ్డారు. ఆడవాళ్ల మీద అత్యాచారాలు జరిగాయి, అందులో దాపరికం లేదు. బెల్జియన్లు పడవలెక్కి నది దాటి పారిపోయారు. వాళ్లతో పాటు డాక్టర్లు, ఇంజనీర్లు, టెలిఫోన్ నడిపేవాళ్లు, విమానాశ్రయంలో దారి చూపేవాళ్లు అందరూ పోయారు. జులై 10న బెల్జియం, తన వాళ్లని కాపాడుకోవడానికంటూ, అడక్కుండానే సైన్యాన్ని దింపింది. మర్నాడు జులై 11న కటంగా రాష్ట్రం విడిపోతున్నట్టు షోంబే ప్రకటించాడు. కటంగా అంటే రాగి, కోబాల్ట్, యురేనియం. హిరోషిమా మీద వేసిన బాంబులో యురేనియం చాలావరకు అక్కడి గనిదే. దేశం రాబడిలో పెద్ద వాటా ఆ రాష్ట్రానిది. గనులు నడిపే బెల్జియన్ కంపెనీ షోంబే వెనకాల నిలబడింది, కాంగోకి కట్టాల్సిన పన్నులు ఆయనకే కట్టింది.

జులై 12న కాసావుబు, లుముంబా ఇద్దరూ కలిసి ఐక్యరాజ్య సమితికి తంతి పంపారు, సాయం చెయ్యమని.

అడగడంలో తప్పేముంది? ఇల్లంటుకున్నప్పుడు ఎవరైనా అరుస్తారు. సమితి కూడా ఆలస్యం చెయ్యలేదు. 14న భద్రతా మండలి తీర్మానం చేసింది, 15 నాటికి ట్యునీషియా, ఘనా సైనికులు దిగడం మొదలుపెట్టారు. కొన్ని వారాల్లో వేలమంది నీలం టోపీలు. ఆహారం వచ్చింది, రెడ్‌క్రాస్ వైద్యులొచ్చారు, టెలిఫోన్లు, విమానాశ్రయాలు మళ్లీ పనిచేశాయి. మనదేశం కూడా సైనిక వైద్యుల్ని, ఆసుపత్రి సామాన్లని పంపింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక మంచి పని చేసింది. అప్పటిదాకా బెల్జియన్ డాక్టర్ల కింద సహాయకులుగా పనిచేసిన కాంగో యువకుల్ని ఫ్రాన్సు పంపించి పూర్తి డాక్టరీ చదివించింది. ఈ కథలో ఏ మెలికా లేని సాయం అంటే నాకు అదే కనిపిస్తుంది. పోయిన డాక్టరు స్థానంలో ఇంకో దేశపు డాక్టర్ని తెచ్చి కూచోబెట్టడం కాదు, వాళ్ల పిల్లాణ్ణే డాక్టరు చేశారు.

మిగతాదంతా మెలికే.

లుముంబా అడిగింది రెండు. బెల్జియం సైన్యాన్ని పంపించెయ్యాలి, కటంగాని తిరిగి దేశంలో కలపాలి. సమితి ప్రధాన కార్యదర్శి డాగ్ హామర్‌షోల్డ్ స్వీడన్ వాడు. నిజాయితీపరుడు, పదవి కోసం పాకులాడే రకం కాదు. ఆయన చట్టం పుస్తకం తీశాడు. దేశం లోపలి తగాదాల్లో సమితి తలదూర్చదు, కటంగాది లోపలి తగాదా. బెల్జియం ఆఫీసర్లు, బెల్జియం డబ్బు వెనకుండి నడిపిస్తుంటే అది లోపలి తగాదా ఎలా అయిందో లుముంబాకి అర్థం కాలేదు. నాకూ అర్థం కాలేదు. ఆగస్టు 12న హామర్‌షోల్డ్ స్వీడన్ సైనికుల్ని వెంటబెట్టుకుని నేరుగా కటంగా వెళ్లి షోంబేతో మాట్లాడాడు, పిలిచిన ప్రధానమంత్రికి మాటమాత్రం చెప్పకుండా! మన ఇంట్లో గొడవ తీర్చమని పెద్దమనిషిని పిలిస్తే ఆయన మనతో మాట్లాడకుండా వెనక గుమ్మంలోంచి వెళ్లి అవతలివాళ్లతో కాఫీ తాగొచ్చినట్టు. లుముంబా మండిపడ్డాడు. వరసగా ఉత్తరాలు రాశాడు, ఒకదాన్ని మించి ఒకటి ఘాటుగా. ఆయనకి నిదానం తక్కువ. అది ఆయన మిత్రులూ ఒప్పుకున్న సంగతే.

దానికి ముందే, జులై చివర్లో, అమెరికా వెళ్లాడు. డబ్బు కావాలి, నిపుణులు కావాలి, విమానాలు కావాలి. అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ ఊళ్లో లేడు. విదేశాంగ మంత్రి మర్యాదగా మాట్లాడి, ఏ సాయమైనా సమితి ద్వారానే అని పంపించేశాడు. ఆ తొందరలోనే డెట్‌వైలర్ అనే ఒక అమెరికన్ వ్యాపారికి, దేశంలోని గనులూ, కరెంటూ అభివృద్ధి చేస్తానంటే, యాభై ఏళ్ల ఒప్పందం మీద సంతకం పెట్టేశాడు. ఆ మనిషి వెనకాల పెద్ద కంపెనీ ఏదీ లేదని తర్వాత తేలింది, నవ్వులపాలయింది. చీటీల పేరుతో మోసపోయిన ఇల్లాళ్లని మనం చూడలేదా? చేతిలో చిల్లిగవ్వ లేనప్పుడు, ఇస్తానన్న వాడి మొహంలోకి సరిగ్గా చూసే ఓపిక ఉండదు.

అమెరికా కాదంది. సమితి కటంగా వైపు కదలనంది. అప్పుడు లుముంబా సోవియట్‌లని అడిగాడు. వాళ్లు ఆగస్టులో విమానాలూ, లారీలూ పంపారు. ఇక అంతే. అమెరికా దృష్టిలో ఆయన కమ్యూనిస్టు అయిపోయాడు. నిజానికి ఆయన కమ్యూనిస్టు కాదు. ఏ షాపులో అప్పు పుడితే ఆ షాపుకి వెళ్లిన గృహస్థు, అంతే. అయితే ఆ విమానాల్లో ఆయన సైన్యాన్ని కటంగా మీదకి పంపే దారిలో, విడిపోయిన ఇంకో ప్రాంతం దక్షిణ కసాయిలో, బక్వాంగా దగ్గర ఆ సైనికులు వందలమంది సామాన్య జనాన్ని చంపారు. ఆడవాళ్లూ, పిల్లలూ కూడా. జీతాల్లేని, ఆఫీసర్లు లేని సైన్యాన్ని అలా పంపడం ఆయన నిర్ణయమే. ఆ నెత్తురు ఆయన లెక్కలో రాయాల్సిందే.

సెప్టెంబరు 5న కాసావుబు రేడియోలో మాట్లాడి ప్రధానిని తీసేశానన్నాడు. కాసేపటికి లుముంబా అదే రేడియోలో అధ్యక్షుణ్ణే తీసేశానన్నాడు. పార్లమెంటు లుముంబా వైపు నిలబడింది. కానీ అల్లర్లు జరగకూడదనే కారణం చెప్పి సమితి అధికారులు విమానాశ్రయాలు మూసేశారు, రేడియో స్టేషను మూసేశారు. ఇద్దరికీ సమానంగా మూశామన్నారు. ఏం సమానం? కాసావుబుకి నది అవతల బ్రజవిల్ రేడియో ఉంది. లుముంబా బలమంతా స్టాన్లీవిల్‌లో ఉంది, విమానం లేకపోతే వెళ్లలేనంత దూరంలో. గొంతుతోనే ఎదిగిన మనిషి గొంతు అక్కడ నొక్కేశారు. 14న కల్నల్ మొబుటు అధికారం తీసుకున్నాడు. నిన్నమొన్నటిదాకా లుముంబా మనిషే.

ఆ రోజుల్లోనే హామర్‌షోల్డ్ ప్రతినిధిగా వచ్చింది మన దేశపు దౌత్యవేత్త రాజేశ్వర్ దయాళ్. అక్టోబరు 10న మొబుటు సైనికులు లుముంబాని అరెస్టు చెయ్యడానికొస్తే, వారంటు చట్టబద్ధం కాదని దయాళ్ ఒప్పుకోలేదు. ఆ పట్టుదలే లుముంబాకి మరి రెండు నెలలు ఆయుష్షు పోసింది. నది ఒడ్డున ప్రధాని బంగళా. లోపలి వలయంలో ఆయన్ని కాపాడే నీలం టోపీలు, బయటి వలయంలో ఆయన్ని పట్టుకోవాలని చూసే మొబుటు సైనికులు. మధ్యలో భార్యాపిల్లలతో ఆయన. పెద్ద పిల్లలు ముగ్గుర్ని రహస్యంగా ఈజిప్టు పంపించేశారు, నాసర్ చూసుకుంటానన్నాడు. పోలీన్ గర్భవతి. స్విట్జర్లాండ్ పంపితే అక్కడ నెలలు నిండకుండానే ఆడపిల్ల పుట్టి చనిపోయింది. క్రిస్టీన్ అని పేరు పెట్టుకున్నారు. బిడ్డని స్టాన్లీవిల్‌లో మట్టి చేసుకుంటాను, పంపించమని లుముంబా అడిగాడు. కుదరదన్నారు.

నవంబరు 22న న్యూయార్కులో సమితి సర్వసభ్య సభ కాసావుబు పంపిన బృందాన్నే కాంగో ప్రతినిధులుగా గుర్తించింది. ఇక తనని కాపాడేవాళ్లు కూడా ఎన్నాళ్లుంటారో! నవంబరు 27 రాత్రి భోరున వాన. కారులో దాక్కుని బయటపడ్డాడు. దారి పొడుగునా పల్లెల్లో జనం గుర్తుపట్టి ఆపేవాళ్లు. ఆపితే ఈయన దిగి మాట్లాడేవాడు. వెనకాల తరుముతున్నారని తెలిసి కూడా! పోలీన్ ఏమనుకుందో ఆ కారులో కూచుని. సంకురు నది దగ్గర ముందు ఈయన పడవలో అవతలికి దాటాడు. పోలీన్, రెండేళ్ల రోలాండ్ ఇవతలి ఒడ్డున ఉండగానే సైనికులొచ్చేశారు. ఆయన వెనక్కి తిరిగి వచ్చాడు. దాటినవాడు దాటిపోయి ఉంటే స్టాన్లీవిల్ చేరేవాడేమో.

అక్కడికి దగ్గర్లో ఘనా సైనికులున్నారు, నీలం టోపీలతోనే. తమ కాపలాలోంచి తనంతట తనే వెళ్లిపోయాడు కాబట్టి జోక్యం చేసుకోవద్దని పైనుంచి ఆదేశం. చూస్తూ ఉండిపోయారు. చేతులు వెనక్కి కట్టి రాజధానికి తెచ్చి, కెమెరాల ముందు కొట్టి, తీస్‌విల్ సైనిక శిబిరంలో పెట్టారు. అక్కడినుంచే భార్యకి చివరి ఉత్తరం రాశాడు. 1961 జనవరి 17న ఆయన్ని, సహచరులు మపోలో, ఒకీటోలని విమానంలో దారంతా కొడుతూ కటంగా తీసుకెళ్లారు. ఎలిజబెత్‌విల్ విమానాశ్రయంలో దింపేటప్పుడు చూసిన స్వీడన్ సైనికులదీ నీలం టోపీయే. ఆ రాత్రే అడవిలో చెట్టుకి నిలబెట్టి ముగ్గుర్నీ కాల్చేశారు. కటంగా మంత్రులున్నారు, పక్కన బెల్జియన్ ఆఫీసర్లున్నారు. తర్వాత ఒక బెల్జియన్ పోలీసు అధికారి ఆ శవాల్ని తవ్వితీసి ముక్కలు చేసి యాసిడ్‌లో కరిగించాడు. సమాధి ఉంటే జనం అక్కడికి వస్తారని భయం.

ఫిబ్రవరి 13 దాకా ఆయన చనిపోయినట్టే చెప్పలేదు. చెప్పాక కూడా, పారిపోతుంటే పల్లెజనం చంపారన్నారు. పోలీన్ తల గొరిగించుకుని, వాళ్ల ఆచారం ప్రకారం రొమ్ము మీద బట్ట లేకుండా, చంకలో పిల్లాడితో లియోపోల్డ్‌విల్ వీధుల్లో సమితి కార్యాలయానికి నడిచివెళ్లింది, భర్త శవం ఇప్పించమని. ఆమెకి ఇరవై నాలుగేళ్లు. ఆ ఫొటో పేపర్లలో వచ్చింది. ఇవ్వడానికి శవమేదీ? న్యూయార్కులో భద్రతా మండలి సమావేశం జరుగుతుండగా గాలరీలోంచి నల్లజాతి స్త్రీలు నల్లముసుగులతో లేచి కేకలు వేశారు. వాళ్లలో అప్పటికింకా ఎవరికీ పెద్దగా తెలియని మాయా ఏంజెలూ ఉంది, గాయని ఆబీ లింకన్ ఉంది. కైరోలో బెల్జియం రాయబార కార్యాలయం తగలబెట్టారు.

అప్పుడు కదిలింది సమితి. అవసరమైతే బలం వాడొచ్చని ఫిబ్రవరి 21న తీర్మానం చేసింది. నెహ్రూ మార్చిలో దాదాపు అయిదువేల మందితో ఒక బ్రిగేడ్‌ని పంపించారు. మా సుబేదారు తాతగారు వెళ్లింది ఆ తడవే. ఆలస్యమైపోయిందనేవారంటే ఇదన్నమాట. బతికుండగా లుముంబా ఏ పని చెయ్యమని మొత్తుకున్నాడో, కటంగాని దేశంలో కలపమని, ఆ పనినే ఆయన పోయాక చేశారు. అందులో మనవాళ్లూ పోయారు. 1961 డిసెంబరు 5న ఎలిజబెత్‌విల్‌లో కెప్టెన్ గురుబచన్ సింగ్ సలారియా ప్రాణమిచ్చి పరమవీర చక్ర పొందాడు. హామర్‌షోల్డ్ కూడా ఆ సెప్టెంబరులోనే షోంబేతో మాటలకి వెళ్తూ ఎన్‌డోలా దగ్గర విమానం కూలి మరణించాడు. 1963 జనవరికి కటంగా లొంగింది.

తాతగారి భార్య, మేమంతా మామ్మగారు అనేవాళ్లం, ఒకసారి చెప్పారు. అప్పటికి ఆవిడ కొత్త కోడలు. కాంగో ఎటువైపో తెలీదు. నెలకో ఉత్తరం వస్తే పోస్టుమాన్ చేతే చదివించుకునేవారు. ఆయన తిరిగొచ్చేటప్పుడు ఒక నల్లచెక్క దువ్వెన తెచ్చారు. పళ్లు బారుగా, మన జుట్టుకి పనికిరాదు. దేవుడి గూట్లో పెట్టుకున్నారావిడ.

ఇక్కడ ఒకామె పేరు చెప్పకపోతే మన పేజీకి న్యాయం కాదు. ఆంద్రే బ్లూయిన్. తండ్రి ఫ్రెంచి, తల్లి ఆఫ్రికన్, పెరిగింది సన్యాసినుల అనాథాశ్రమంలో. 1960లో కాంగో పల్లెలు తిరిగి వేలాదిమంది ఆడవాళ్లని సంఘంలో చేర్పించింది. లుముంబా ప్రభుత్వంలో ప్రోటోకాల్ అధికారి. ఆమెకి తగిలించిన కళంకాలు, పుకార్లు ఇన్నీ అన్నీ కావు. రాజకీయాల్లోకొచ్చిన ఆడదాన్ని ఏమంటారో అన్నీ అన్నారు, రెండు ఖండాల్లో.

కాంగోని 1965 నుంచి 1997 దాకా మొబుటు ఏలాడు. అప్పుడు మాత్రం సాయానికి లోటు లేదు. లుముంబాకి ఒక విమానం ఇవ్వనన్న దేశాలే ఈయనకి కోట్ల డాలర్లు ఇచ్చాయి, ఆయన వాటితో అడవిలో పాలరాతి భవనం కట్టుకున్నాడు. అమెరికా గూఢచారి సంస్థ లుముంబాకి విషం పెట్టించాలని కాంగోకి విషం పంపిన సంగతి 1975లో వాళ్ల సెనేట్ కమిటీయే బయటపెట్టింది. ఆ విషం వాడే అవసరం రాలేదు. బెల్జియం పార్లమెంటు విచారణ జరిపి నైతిక బాధ్యత తమకి ఉందని తేల్చింది, 2002లో ప్రభుత్వం క్షమాపణ చెప్పింది.

శవాన్ని కరిగించిన ఆ పోలీసు అధికారి ఒక పన్ను దాచుకున్నాడు, బంగారం తొడిగిన పన్ను. ఆ సంగతి ఏళ్ల తర్వాత తనే టీవీలో చెప్పుకున్నాడు. 2016లో బెల్జియం అధికారులు అతని కూతురి దగ్గర్నుంచి దాన్ని స్వాధీనం చేసుకున్నారు. లుముంబా కూతురు జులియానా 2020లో బెల్జియం రాజుకి ఉత్తరం రాసింది, నాన్న పన్ను ఇప్పించమని. 2022 జూన్ 20న బ్రస్సెల్స్‌లో ఒక చిన్న పెట్టెలో పెట్టి కుటుంబానికి ఇచ్చారు. దాన్ని శవపేటికలో ఉంచి ముందు ఆయన పుట్టిన పల్లెకి తీసుకెళ్లారు, తర్వాత ఆయన చేరలేకపోయిన స్టాన్లీవిల్‌కి, దాని పేరిప్పుడు కిసంగాని, చివరికి రాజధానికి. స్వాతంత్ర్యం వచ్చిన తేదీనే, జూన్ 30న, సమాధి చేశారు. శవం ఇప్పించమని వీధుల్లో నడిచిన పోలీన్ అది చూడలేదు. ఆమె 2014 డిసెంబరులోనే కిన్షాసాలో కన్నుమూసింది.